బాలి ట్రిప్‌కు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి రూ.72 వేలు వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ రూ.24 వేలు, ఇంటి ఖర్చు రూ.31 వేలు. బ్యాంకులో రూ.40 వేలున్నాయి. ఆఫీసు టెన్షన్‌తో నలిగిపోతున్నాను. భార్యాపాపలతో బాలి వెళ్లొస్తే మనసు కుదుటపడుతుందనిపిస్తోంది. 15 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో రూ.3 లక్షల లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఈమధ్య ఇలాంటి ఉత్తరాలు ఎక్కువయ్యాయి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

ఈ లోన్‌కు నెలకు సుమారు రూ.10,400 కట్టాలి. వడ్డీయే రూ.74 వేలు దాటుతుంది. ట్రిప్ వారంలో అయిపోతుంది, కిస్తీలు 36 నెలలు ఉంటాయి. టెన్షన్ తగ్గించుకోవడానికి టెన్షన్‌నే అప్పు తెచ్చుకుంటారా?

ప్రయాణం ఆనందాన్నిస్తుంది, కాదనను. అయితే 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో నెదర్లాండ్స్‌కు చెందిన 1,530 మందిని పరిశీలిస్తే, విహారయాత్రకు వెళ్లబోయేవాళ్లు బయల్దేరకముందే మిగతావాళ్లకంటే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం, చాలా ప్రశాంతంగా గడిపి వచ్చినవాళ్లను మినహాయిస్తే, ఇంట్లో ఉన్నవాళ్లకీ వీళ్లకీ పెద్ద తేడా లేదు. అంటే ఎదురుచూపులోనూ బోలెడు సంతోషం ఉంది. డబ్బు దాచుకుంటూ ప్లాన్ చేసుకునేవాళ్లకు అది నెలల తరబడి దక్కుతుంది. లోన్‌తో వెళ్లేవాళ్లు దాన్ని వదులుకుని, తర్వాతి మూడేళ్లు కిస్తీలు కడతారు.

నన్ను అసలు భయపెట్టింది మీ రూ.40 వేలు. ఈఎంఐ కూడా కలిపితే అది మీ ఇంటికి ఒక్క నెలకైనా చాలదు. రేపు ఉద్యోగం పోతే హోమ్ లోన్ ఎవరు కడతారు? ఆరు నెలల ఖర్చు, అంటే రూ.3.3 లక్షలు, అత్యవసర నిధిగా విడిగా ఉండి తీరాలి. మీ లెక్క ప్రకారం నెలకు రూ.17 వేలు మిగలాలి. మరి బ్యాంకులో రూ.40 వేలే ఎందుకున్నాయి? ముందు ఆ లీకేజీ పట్టుకోండి. జీతం పడిన రోజే రూ.12 వేలు ఈ నిధికి మళ్లించండి. ఇప్పుడున్న రూ.40 వేలతో కలిపి దాదాపు రెండేళ్లలో పూర్తవుతుంది. దాన్ని ట్రిప్ కోసం ముట్టుకోవద్దు.

మిగిలిన రూ.5 వేలు ప్రయాణాల ఖాతాలో వేయండి. ఏడాదికి రూ.60 వేలు. ముగ్గురూ విశాఖ వెళ్లి, అక్కడి నుంచి కిరండూల్ రైలెక్కి సొరంగాలు దాటుకుంటూ బొర్రా, అరకు చూసి రావచ్చు. పాపకు ఆ రైలే పెద్ద సంబరం.

క్రెడిట్ కార్డు ఈఎంఐ, గోల్డ్ లోన్ కూడా వద్దు. ఆరోగ్య బీమా సంగతి మీరు రాయలేదు. కంపెనీ ఇచ్చిన పాలసీ ఒక్కటే ఉంటే, ఉద్యోగంతోపాటు అదీ పోతుంది. సొంతంగా ఫ్యామిలీ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. దాని ప్రీమియం కోసం ట్రిప్ రెండు నెలలు వెనక్కి జరిగినా ఫర్వాలేదు.