సెకండ్ హ్యాండ్ టూరింగ్ బండి అదురుతుంటే ఇంజన్ విప్పించే ముందు చూడవలసినవి

మీరు విశాఖపట్నంలో నాలుగు వందల సీసీ తరగతి సింగిల్ సిలిండర్ టూరింగ్ బండిని 28,000 కిలోమీటర్ల రీడింగుతో కొని, సాలూరు, సుంకి ఘాటు మీదుగా జయపురం తెచ్చుకున్నారు. దారిలో ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగేచోట, అంటే 5000 ఆర్‌పీఎం దగ్గర ఫుట్‌రెస్టులు, హ్యాండిల్ అదిరి చేతులు తిమ్మిరెక్కాయని, మీ ఊరి మిస్త్రీ క్రాంక్ (పిస్టన్ పైకీ కిందికీ కదలడాన్ని తిరుగుడుగా మార్చే ఇరుసు) పోయిందని, ఇంజన్ విప్పాలని చెప్పారని రాశారు. నేను రాయగడలో ఉంటాను. రెండేళ్ల క్రితం ఇదే తరగతి పాత బండిని కొని, ఇదే మాటను ఒక వర్క్‌షాపులో విన్నవాణ్ణి కనుక, మీరు ఇంజన్ మీద చెయ్యి వెయ్యనివ్వకముందే ఈ జవాబు మీకు అందాలని రాస్తున్నాను.

మీరు ఇదివరకు నడిపింది 125 సీసీ బండి అన్నారు. ఒకే పెద్ద పిస్టన్ ఉన్న ఇంజన్‌లో కొంత అదురు పుట్టుకతోనే ఉంటుంది. 5000 ఆర్‌పీఎం అంటే క్రాంక్ సెకనుకు దాదాపు 83 సార్లు తిరుగుతుంది, పిస్టన్ అదే సెకనులో 166 సార్లు ఆగి వెనక్కు మళ్లుతుంది. ఆ ఆగడం, మళ్లడం వల్ల పుట్టే తోపుడే మీ అరచేతికి తెలిసే అదురు. ఈ తోపుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 2500 దగ్గర ఉన్నదానికి 5000 దగ్గర నాలుగింతలు అవుతుంది. క్రాంక్ మీద ఎదురు బరువు పెట్టి దీన్ని తగ్గిస్తారు, కానీ పిస్టన్ బరువు మొత్తానికీ సరిపడా పెడితే పైకీ కిందికీ ఉన్న అదురు ముందుకూ వెనక్కూ మారుతుందే తప్ప పోదు. అందుకే సుమారు సగానికే సరిపెట్టి, మిగిలిన సగాన్ని క్రాంక్‌కు ఎదురు దిశలో అంతే వేగంతో తిరిగే బ్యాలెన్సర్ షాఫ్టుకు అప్పగిస్తారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఇంజన్‌లో, 2020లో మీటియర్‌తో వచ్చిన 350 ఇంజన్‌లో ఈ షాఫ్టు ఉంది. అంతకుముందరి క్లాసిక్ 500లో లేదు. ఆ రెండు రకాలనూ ఒకదాని వెంట ఒకటి నడిపిన వారికి తేడా ఎంతో వివరించనక్కర లేదు.

అయితే బ్యాలెన్సర్ ఉన్నా సన్నని గుయ్యిమనే అదురు మిగులుతుంది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వాలుగా కదలడం వల్ల క్రాంక్ పై సగంలో తిరిగేటప్పుడు పిస్టన్ ఎక్కువ దూరం, కింది సగంలో తక్కువ దూరం కదులుతుంది. ఆ తేడా క్రాంక్ వేగానికి రెట్టింపు వేగంతో అదురును పుట్టిస్తుంది, దాన్ని ఆ ఒక్క షాఫ్టు ఆపలేదు. మీ చేతుల తిమ్మిరిలో కొంత భాగం ఇదే కావచ్చు, ఇది జబ్బు కాదు.

ఇక ఏది జబ్బో తేల్చడానికి ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఈ అదురు ఇంజన్ ఆర్‌పీఎంను అనుసరిస్తోందా, బండి వేగాన్ని అనుసరిస్తోందా? నేను ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, రాయగడ నుంచి కోరాపుట్ వైపు పోయే 326వ నెంబరు జాతీయ రహదారి మీద, తెల్లవారగానే లారీలు పలచగా ఉండే వేళ మూడు రోజులు ఈ పనే చేశాను. మూడో గేరులో, నాలుగులో, ఐదులో ఒకే ఆర్‌పీఎంకు తెచ్చి చూస్తే, 4500 దగ్గరే ప్రతిసారీ అద్దంలో వెనక లారీ రెండు లారీలుగా చెదిరి కనిపించింది. గేరు మారినా, వేగం మారినా ఆ అంకె మారలేదంటే అది ఇంజన్ వైపు సంగతే. చక్రం సంగతైతే లెక్క వేరు. మీ తరగతి బండి వెనక చక్రం ఒక చుట్టుకు సుమారు రెండు మీటర్లు పోతుంది, గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు, అంటే పది చుట్లు. సెకనుకు పదిసార్లు వచ్చేది గుయ్యిమని ఉండదు, సీటు కింద ఊపులా, హ్యాండిల్‌లో వణుకులా తెలుస్తుంది. అటువంటిది ఉంటే టైర్లు, రిమ్ములు, హ్యాండిల్ తిరిగే బేరింగులైన స్టీరింగ్ కోన్‌సెట్ చూడాలి, ఇంజన్‌తో దానికి పని లేదు.

ఇంకో పరీక్ష: ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద అదురు వచ్చే వేగానికి చేరి, యాక్సిలరేటర్ వదిలి క్లచ్ పట్టుకోండి. ఆర్‌పీఎం ఐడ్లింగుకు పడగానే అదురు ఆగిపోతే ఇంజన్, దాని బిగింపులు. ఆగకుండా బండి వేగంతోపాటు మెల్లగా తగ్గితే చక్రాలు లేదా చైన్. సుంకి ఘాటు ఎక్కేటప్పుడు పై గేరులో 2500 దగ్గర వచ్చే దడదడను మాత్రం ఈ లెక్కలో కలపకండి. అక్కడ సిలిండర్‌లో ఒక్కో పెట్రోలు పేలుడుకూ మధ్య ఎడం ఎక్కువై చైన్ గుంజుకుంటుంది, ఒక గేరు దించితే పోతుంది. చిన్న బండి అలవాటు ఉన్నవాళ్లం పెట్రోలు మిగులుతుందని పై గేరులోనే లాగుతాము, పెద్ద సింగిల్‌కు ఆ అలవాటు మంచిది కాదు.

నా బండి విషయంలో తప్పు దొరికిన చోటు గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ ఫొటోలో మీ బండికీ పెద్ద క్రాష్ గార్డు కనిపిస్తోంది. ఈ గార్డుల్లో చాలా వాటిని ఇంజన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టుతోనే కలిపి బిగిస్తారు. నా ముందు యజమాని దాన్ని ఎక్కడో బయట వేయించుకున్నాడు. ఒక ఆదివారం గార్డును విప్పి తీసి చూస్తే, ముందు కింది మౌంటింగ్ బోల్టు తల చుట్టూ వాషర్ కింద నుంచి సన్నని ఎర్రటి పొడి కారి ఉంది, వేలితో రాస్తే కుంకుమలా అంటుకుంది. అది వానకు పట్టిన తుప్పు కాదు. బిగుతు లేని రెండు ఇనప ముఖాలు ఒకదానితో ఒకటి నిరంతరం రాసుకుంటే రాలే పొడి. బోల్టు బయటకు తీస్తే మధ్యలో ఒక పక్క మాత్రమే అద్దంలా మెరుస్తోంది, గుండ్రంగా ఉండవలసిన వాషర్ కన్నం కోడిగుడ్డులా సాగిపోయింది. గార్డు పట్టీ మందం కలిసినా పాత పొడవు బోల్టునే వాడడంతో నట్టుకు మరలు సగమే అందాయి. అంత బరువైన ఇంజన్ ఆ మూలలో పట్టు లేకుండా ఫ్రేమును కొడుతోంది. ఆ గార్డు, దాని పైన బిగించిన ఫాగ్ లైట్లు శ్రుతి చేసిన తీగలా 4500 దగ్గర ఆ అదురును అందుకుని మోగుతున్నాయి.

సరైన పొడవున్న, అదే గ్రేడు బోల్టు తెచ్చి, సాలూరులో లారీ పని చేసే మా బావ దగ్గర టార్క్ రెంచి (బోల్టును ఎంత బిగువుకు బిగిస్తున్నామో చూపే పానా) అడిగి తీసుకున్నాను. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, వదులుగా ఉన్న ఒక్క బోల్టునే బిగించడం. ఆయన నా చేత మౌంటింగ్ బోల్టులన్నీ వదులు చేయించి, ఇంజన్‌ను చేత్తో అటూ ఇటూ కదిపి దాని చోట్లో అది కూర్చునేలా చేయించి, అన్నిటినీ ముందు చేతిబిగువుకు తెచ్చి, ఆ తరువాతే సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం బిగించమన్నారు. ఇంజన్ వంకరగా ఇరుక్కుని ఉండగా బిగిస్తే బోల్టు గట్టిగానే ఉంటుంది కానీ ఫ్రేము మీద లాగుడు మిగిలి అదురు పోదు. ఈ పని అయ్యాక అద్దంలో లారీ ఒక్కటిగా కనిపించింది. అదురు పూర్తిగా పోయిందని చెప్పను, సన్నని గుయ్యి మిగిలింది. దానికి కారణం హ్యాండిల్ చివర ఉండవలసిన బరువులు లేకపోవడం. ముందు యజమాని వెడల్పాటి హ్యాండిల్ మార్చుకుని ఆ బరువులు తిరిగి పెట్టించలేదు. చిన్న ఇనపముక్కలే అయినా హ్యాండిల్ పైపు ఏ ఆర్‌పీఎం దగ్గర అదురును అందుకోవాలో వాటి మీదే ఆధారపడి ఉంటుంది. మీ హ్యాండిల్ కంపెనీదేనా, చివర బరువులు ఉన్నాయా అన్నది ఈ రోజే చూసుకోండి. మీ ఫొటోలో ఫోన్ హోల్డర్ నేరుగా హ్యాండిల్‌కే ఉంది, దాన్ని తీసెయ్యండి. మోటార్ సైకిల్ ఇంజన్ల అదురు ఫోన్ కెమెరాలోని లెన్స్ స్థిరీకరణను పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థ 2021లోనే హెచ్చరించింది.

చైన్ ఒక్కటి చూస్తే పది నిమిషాల పని. బండిని స్టాండు మీద ఎత్తి వెనక చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల వదులు కొలవండి. ఒకచోట వేలాడి మరోచోట బిగుసుకుంటే చైన్ సాగడం సమంగా లేదని అర్థం, అప్పుడు చైన్ తిరిగే పళ్ల చక్రాలైన స్ప్రాకెట్లతో సహా మార్చాలి. వెనక హబ్బులో ఉండే రబ్బరు ముక్కలు అరిగిపోతే యాక్సిలరేటర్ ఇచ్చి వదిలినప్పుడల్లా టక్కుమని కుదుపు వస్తుంది. అదురు ఒక తీరున కాక ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువగా తడబడుతూ ఉంటే ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, చాలాకాలం నిలవ ఉన్న పెట్రోలు అనుమానించాలి.

ఇంజన్ విప్పవలసిన లక్షణాలు లేకపోలేదు. అదురు వారం వారం పెరగడం, లోడు మీద లోపలినుంచి లోహం కొట్టుకునే గట్టి చప్పుడు, ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ మడతల్లో మెరిసే రజను కనిపించడం, ఇవి ఉంటే మీ మిస్త్రీ మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ, ఆలస్యం చేయవద్దు. ఒక ఆయిల్ మార్పు ఖర్చుతో ఫిల్టర్‌ను కోసి చూడవచ్చు కాబట్టి, క్రాంక్ గురించి నిర్ణయం దాని తరువాతే తీసుకోండి.

అమ్మిన మనిషికి ఈ రోజే ఫోన్ చేసి, ఇంజన్ ఇదివరకు ఎప్పుడైనా విప్పారా అని ఒక్క మాట అడగండి. బ్యాలెన్సర్ గేరునూ క్రాంక్ గేరునూ వాటి మీద ఉన్న గుర్తులు కలిసేలా కూర్చోబెట్టాలి. తిరిగి కూర్చినవారు ఒక పన్ను తప్పించినా ఎదురు బరువు తప్పు సమయంలో తిరుగుతుంది. అప్పుడు బండి స్టార్ట్ అవుతుంది, లాగుతుంది, కానీ నిలబడి ఉన్నచోట యాక్సిలరేటర్ ఇచ్చినా ఒళ్లంతా అదిరిస్తుంది. ఆయన విప్పామంటే మాత్రం, మీ మిస్త్రీకి ముందుగా చూపవలసింది క్రాంక్ కాదు, ఆ గుర్తులు.