థార్ జీపుకి లాకర్ వేయించబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడేదో బండికి తాళం వేయిస్తాడట తమ్ముడూ, లక్ష దాటుతుందట, నువ్వైనా చెప్పు" అని అరగంట బాధపడింది. పాపం, డోర్ లాక్ అనుకుంది. అది చక్రాల మధ్య ఉండి, ఇంజన్ బలాన్ని ఎడమకీ కుడికీ పంచే డిఫరెన్షియల్‌కి వేసే లాకర్ అని విడమరిచి చెప్పేసరికి టెన్షన్ ఇంకాస్త ఎక్కువై ఫోన్ పెట్టేసింది. ఫోన్లో చెబితే నువ్వు సగమే వింటావు కాబట్టి ఇలా రాస్తున్నాను.

వేయించుకో, నేను అడ్డు చెప్పను. కానీ నువ్వు పంపిన మెసేజ్ అంతా ఏ కంపెనీ లాకర్, ఎంత ధర, ఎన్ని రోజుల్లో వస్తుంది అన్న లెక్కలే. దాన్ని హౌసింగ్‌లో, అంటే డిఫరెన్షియల్ ఉండే ఇనుప పెట్టెలో, ఎవరు కూర్చోబెడతారు, కొలతలు ఎవరు చూస్తారు అన్నది ఎక్కడా లేదు. నలభై ఏళ్లుగా గేర్‌బాక్సులూ, డిఫరెన్షియల్‌ని తిప్పే పెద్ద పళ్ల చక్రాలైన క్రౌన్లూ విప్పుతున్నాను. లాకర్ మంచిదే అయినా బిగించినవాడి తొందర వల్ల పాడైన హౌసింగులే నేను ఎక్కువ చూశాను.

ముందు నీ బండి ఎందుకు దిగబడిందో తెలుసుకో. వికారాబాద్ దాటాక తీసిన ఆ ఫొటో మీ అమ్మ నాకూ పంపింది. వెనక ఎడమ చక్రం గుంతలో వేలాడుతోంది, ముందు కుడి చక్రం గాల్లో ఉంది. ఫోర్ వీల్‌లో వేసినా ఆ రెండే గిర్రున తిరిగి, నేల మీద ఉన్న రెండూ కదల్లేదని నువ్వు ఆశ్చర్యపోయావు. అందులో వింతేం లేదు. ఫోర్ వీల్ లివర్ ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ మాత్రమే కలుపుతుంది. ఒక్కో యాక్సిల్‌లో ఎడమకీ కుడికీ మధ్య డిఫరెన్షియల్ మామూలుగానే ఉంటుంది.

మీ తాతయ్య ఎడ్ల బండి గుర్తుందా? కాడికి రెండు ఎడ్లు. ఒకటి మొరాయించి లాగడం మానేస్తే కాడి దాని వైపుకి తిరిగిపోతుంది. రెండోది ఎంత బలంగా లాగినా బండి కదలదు. డిఫరెన్షియల్ కూడా అంతే. రెండు వైపులా సమానంగానే పంచుతుంది, అందుకే పట్టు లేని చక్రం ఎంత తక్కువ బలం తీసుకుంటే పట్టున్న చక్రానికీ అంతే దక్కుతుంది. లాకర్ వేయడమంటే కాడిని బండి నొగలకు కదలకుండా కట్టేయడం. అప్పుడు ఒక్క ఎద్దు లాగినా బండి కదులుతుంది. ఆ బరువంతా దాని మెడ మీదే పడుతుంది, అదీ మర్చిపోకు. ట్రాక్టర్‌లో కుడి మడమ దగ్గర చిన్న పెడల్ ఉంటుందే, దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం జారితే మీ చిన్న తాత తొక్కేవాడు, అది చేసే పనీ ఇదే. మీ ఆఫీసులో దీన్నేదో కొత్త టెక్నాలజీలా చెప్పుకుంటున్నారని విని నవ్వొచ్చింది.

ఇక డబ్బు పెట్టే ముందు ఒక సంగతి. నీది 2016 మోడల్. 2015లో మార్చిన థార్‌కి వెనక మెకానికల్ లాకర్ ఆప్షన్‌గా దొరికేది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కాబట్టి మొదటి ఓనర్ ఏం తీసుకున్నాడో నీకు తెలియదు. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే తెలిసేది కాదు. రెండు చక్రాల వేగంలో నిమిషానికి దాదాపు 100 చుట్ల తేడా వచ్చినప్పుడే అది తనంతట తాను పట్టుకుంటుంది, 30 కిలోమీటర్ల వేగం దాటితే అసలు పట్టుకోదు. ఛాసిస్ నంబర్ పట్టుకుని సర్వీస్ సెంటర్లో అడుగు. ఉందనుకో, నీ లక్ష మిగిలినట్టే. ఆ ఫొటోలో అది ఎందుకు పట్టుకోలేదో చూస్తే చాలు.

లేదని తేలితే, లాకర్ వచ్చేలోపు ఒక పైసా ఖర్చు లేని పని నేర్చుకో. వెనక చక్రం ఒకటి ఊరికే తిరుగుతుంటే హ్యాండ్ బ్రేక్ రెండు మూడు పళ్లు లాగి, లో గేర్లో మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వు. తిరిగే చక్రానికి కాస్త అడ్డు పడుతుంది, ఆ అడ్డుకు సరిపడా బలం రెండో చక్రానికి వెళుతుంది. ప్రతిసారీ పని చేయదు. కానీ నా పాత జీపుని నర్సాపూర్ అడవి దారిలో రెండుసార్లు ఇలాగే బయటకు తెచ్చాను.

ఏ రకం వేయించాలి అని అడిగావు. నువ్వు వారానికి ఐదు రోజులు గచ్చిబౌలి ట్రాఫిక్‌లో, నెలకోసారి గుట్టల్లో తిరిగే మనిషివి. దానంతట అదే లాక్ అయ్యే ఆటోమేటిక్ లాకర్లు నీకొద్దు. మలుపు తిప్పినప్పుడల్లా వెనక టక్కుటక్కుమంటుంది, వాన పడ్డ ఫ్లైఓవర్ మీద బండి తోక ఊపుతుంది. స్విచ్చుతో వేసేదే తీసుకో. గాలితో పని చేసేదైనా సరే, కరెంటుతో పని చేసేదైనా సరే. వెనక ఒక్కటే చాలు. ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి వాలుతుంది, స్టీరింగ్ కూడా తేలిగ్గా తిరుగుతుంది. నీ బండికి ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అక్కడి షాఫ్టులు అంత గట్టివి కావు. ముందు కూడా లాకర్ వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి తొక్కితే ఏదో ఒకటి విరిచి ఇంటికొస్తావు.

ఆర్డర్ పెట్టేముందు యాక్సిల్ షాఫ్టు చివర ఎన్ని గాడులున్నాయో, అంటే స్ప్లైన్ల సంఖ్య, విప్పించి నీ కళ్లతో లెక్కపెట్టు. క్రౌన్‌కీ, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కీ మధ్య పళ్ల లెక్క, అంటే రేషియో, కూడా రాసుకో. ఒకే కంపెనీ బండ్లలో కూడా ఇవి మారిపోతాయి. సుజుకి జీపుల్లోనే 22 స్ప్లైన్లవీ ఉన్నాయి, 26వీ ఉన్నాయి. "థార్‌కి ఇదే సెట్ అవుతుంది సార్" అన్న మాట మీద లక్ష పెట్టకు.

ఇప్పుడు అసలు పని. లాకర్ అంటే క్రౌన్ వీల్‌ని మోసే గుండే. పాత గుండు తీసి, క్రౌన్ విప్పి, కొత్త గుండుకి బిగించి, మళ్లీ హౌసింగ్‌లో కూర్చోబెట్టాలి. వినడానికి ఇంతే. కానీ క్రౌన్ పంటికీ పినియన్ పంటికీ మధ్య ఉండే సందు, బ్యాక్‌లాష్, చాలా బండ్లకు 0.15 నుంచి 0.20 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. రెండు మూడు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. నీ బండికి ఎంతన్నది మాన్యువల్‌లో చూడాలి. చేత్తో ఊపి "ఓకే సార్, కరెక్టే" అనే మెకానిక్ దగ్గర్నుంచి బండి వెనక్కి తెచ్చేసుకో. మాగ్నెట్ స్టాండ్, ఇంత సన్న సందుని ముల్లుతో చూపించే డయల్ గేజ్ బయటకు తీసేవాడి దగ్గర కూర్చో, వాడు రోజు ఎక్కువ అడిగినా సరే.

విప్పకముందే పాత బ్యాక్‌లాష్ కొలిచి రాసి పెట్టమను. బేరింగులని పట్టి ఉంచే క్యాపుల మీద పంచ్‌తో గుర్తు పెట్టాలి, ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు. ఆ క్యాపుల్ని హౌసింగ్‌తో కలిపే బోర్ చేస్తారు కాబట్టి అటుదిటు మారిస్తే బేరింగ్ సరిగ్గా కూర్చోదు. ఎక్కడెక్కడ ఏ షిమ్, అంటే సందు సర్దే పల్చటి రేకు, ఉందో కాగితం మీద రాసి, దారంతో కట్టి విడివిడిగా పెట్టాలి. పినియన్‌ని మాత్రం కదిలించొద్దని ముందే చెప్పు. దానికి శబ్దం లేకపోతే, బేరింగ్ బాగుంటే, దాని జోలికి వెళ్లే పనే లేదు. పక్క బేరింగులు, ఆయిల్ సీళ్లు, క్రౌన్ బోల్టులు కొత్తవే వేయించు. అవి రాణిగంజ్‌లో చూసుకో. డబ్బా మీద పేరు చూసి మోసపోకు, బేరింగ్ మీద చెక్కిన నంబర్ చదువు.

క్రౌన్ కూర్చునే ముఖం మీద చిన్న చెత్త ముక్క ఉన్నా క్రౌన్ వంకరగా తిరుగుతుంది. అందుకే బ్యాక్‌లాష్‌ని ఒక్కచోట కొలిస్తే చాలదు. క్రౌన్‌ని తిప్పుతూ నాలుగు చోట్ల కొలవాలి. నాలుగూ దాదాపు ఒకేలా రావాలి. సందు ఎక్కువుంటే ఒక వైపు షిమ్ తీసి అంతే మందం రెండో వైపు వేయాలి. అప్పుడు క్రౌన్ జరుగుతుంది, బేరింగ్ బిగువు మాత్రం మారదు. తర్వాత పళ్లకి నీలం రంగు పూసి, ఒకడు చక్రం కాస్త బిగబట్టుకుంటే ఇంకొకడు పినియన్ తిప్పాలి. రంగు చెరిగిన మచ్చ పంటి మధ్యలో పడాలి. అంచు మీద పడినా, పంటి మొదట్లో పడినా మళ్లీ విప్పాల్సిందే. మచ్చ సరిగ్గా పడే వరకు నేను నాలుగుసార్లు విప్పి బిగించిన రోజులున్నాయి. మధ్యాహ్నం మొదలుపెడితే రాత్రి తొమ్మిదైంది, ఆ రోజు అన్నం కూడా అక్కడే తిన్నాను. నీ మెకానిక్ మూడోసారికి విసుక్కుంటే టీ తెప్పించి పక్కన కూర్చో, "పర్లేదు భాయ్" అని మాత్రం అనకు.

గాలి లాకర్ అయితే హౌసింగ్‌కి రంధ్రం పెట్టాలి. 11.2 మిల్లీమీటర్ల డ్రిల్లు, పావు అంగుళం ఎన్‌పీటీ ట్యాప్, అంటే పైపు మర కోసే పనిముట్టు. ఆ మర కోసుగా ఉంటుంది, లోతుగా దింపితే ఫిట్టింగ్ బిగిసేలోపే అడుగుకి వెళ్లి గాలి లీకవుతుంది. ఇక్కడే నేను ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాను. తొంభైల్లో ఒక స్నేహితుడి జీపుకి రంధ్రం పెట్టి, ఇనుప రజను బట్టతో తుడిచి సరిపెట్టేశాను. చీకటి పడింది, ఇంటికెళ్లాలన్న తొందర. రెండు వేల కిలోమీటర్ల తర్వాత వెనక గుయ్యిమని మోత. డ్రెయిన్ బోల్టు తీస్తే దాని అయస్కాంతానికి వెండి రంగు బురదలా పట్టుకుని ఉంది. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడింది. బేరింగులు రెండూ పోయాయి, క్రౌన్ పంటి మీద గీతలు. ఆ డబ్బు నా జేబులోంచే ఇచ్చాను. అప్పటి నుంచి డ్రిల్లుకి, ట్యాపుకి గ్రీజు పూస్తాను, రజను దానికి అంటుకుంటుంది. తర్వాత హౌసింగ్ లోపల డీజిల్‌తో రెండుసార్లు కడుగుతాను, అయస్కాంతం పెట్టి తడుముతాను.

లోపలి సన్న రాగి గొట్టం క్రౌన్‌కి తగలకుండా వంచాలి. బయటి పైపు సైలెన్సర్‌కి దూరంగా ఉండాలి, బ్రేక్ పైపుకి కట్టకూడదు, చక్రం పూర్తిగా కిందికి వేలాడినా సాగకుండా కాస్త ఎక్కువ వదలాలి. కంప్రెసర్‌ని ఎత్తులో పెట్టించు. సబ్బు నీళ్లు పూసి ప్రతి జాయింటూ చూడు. నిండిన తర్వాత పావుగంటలోపే కంప్రెసర్ తనంతట తాను మళ్లీ మొదలైతే ఎక్కడో లీక్ ఉన్నట్టు. హౌసింగ్‌కి గాలి ఆడే బ్రీదర్ నుంచి ఆయిల్ చిమ్ముతుంటే లోపలి రింగుల నుంచి గాలి పోతున్నట్టు.

డబ్బులిచ్చేముందు గ్యారేజీలోనే ఇలా చూడు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ పైకెత్తి స్టాండ్ల మీద ఉంచు. గేర్లో వేసి పెట్టి, ఒక చక్రం చేత్తో తిప్పు. లాక్ తీసి ఉన్నప్పుడు రెండోది ఎదురు దిక్కున తిరగాలి. స్విచ్ వేశాక చక్రాన్ని అటూ ఇటూ ఆడిస్తే కటక్‌మని పట్టుకుని రెండూ బిగుసుకోవాలి. స్విచ్ తీస్తే మళ్లీ వదిలేయాలి. నాలుగైదుసార్లు చెయ్.

క్రౌన్ ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయించు, జీఎల్-5 రకం. మొదటి రోజు ఇరవై కిలోమీటర్లు మెల్లగా నడిపి, ఆపి, హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంటే నడపకు, నాకు ఫోన్ చెయ్. వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ మార్చి, బోల్టు అయస్కాంతం మీద ఏముందో చూసి ఫొటో పంపు. సన్నటి మసి ఉంటుంది, అది మామూలే. ముక్కలు కనిపిస్తే మామూలు కాదు.

వాడకం గురించి పెద్దగా చెప్పను, నువ్వే నేర్చుకుంటావు. చక్రం గిర్రున తిరుగుతుండగా మాత్రం స్విచ్ వేయకు. కాలు తీసి, చక్రం ఆగాక వేసి, అప్పుడు మెల్లగా కదులు. గుంతలోకి దిగకముందే వేస్తే ఇంకా మంచిది. పక్కకి వాలిన బండ మీద లాక్ వేస్తే రెండు చక్రాలూ ఒకేసారి జారి బండి కిందికి పోతుంది, అక్కడ తీసేయ్. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ముందు డాష్‌బోర్డు లైటు ఒకసారి చూసుకో. తారు రోడ్డు మీద లాక్‌తో మలుపు తిప్పితే టైరు కీచుమంటుంది, అది వినిపించినా వినిపించనట్టు పోనిస్తే తర్వాతి శబ్దం యాక్సిల్ షాఫ్టుది. నల్లరేగడిలో బండి పొట్ట నేలకి ఆనేదాకా వెళ్లావంటే ఏ లాకరూ లేపదు. తాడు, పార, ఇంకో బండి వెంట ఉండాలి.

ఇన్సూరెన్స్ వాళ్లకి లాకర్ సంగతి మెయిల్లో రాసి పెట్టు, బిల్లులు దాచు. వారంటీ ఎటూ అయిపోయింది కాబట్టి ఆ గొడవ లేదు.

ఈ ఆదివారం పొద్దున్నే బండి ఇటు తీసుకురా, టిఫిన్ ఇక్కడే. నా డయల్ గేజ్ అటక మీద పాత బిస్కెట్ డబ్బాలో ఉంది, దించి పెడతాను. ముందు ఇప్పుడున్న బ్యాక్‌లాష్ కొలిచి రాసుకుందాం. లాకర్ ఆర్డర్ సోమవారం పెట్టొచ్చు.

మీ అమ్మకి తాళం సంగతి నేను చెబుతాలే.

ఇట్లు,
మీ మామయ్య