పెరటి వైపు కట్టిన నక్షత్రం

అమ్మాయీ,

మీ తాతయ్య, నాయనమ్మల క్రిస్మస్ మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిల్ ఉంది, ఈ ఉత్తరమంతా దాని పుణ్యమే. కాస్త ఓర్చుకో.

ముందు చిల్లర తప్పులు. అక్షరాలా చిల్లరవే. 1955 డిసెంబరులో మీ తాతయ్య బెజవాడలో కిలో బెల్లం కొని, యాభై పైసలు వెనక్కి తీసుకున్నాడని రాశావు. నూరు పైసల రూపాయి వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకు ముందు రూపాయికి పదహారణాలు. కిలోలు ఇంకా ఆలస్యం, 1958లో మొదలై మెల్లగా అంగళ్లలోకి దిగాయి. తాతయ్య బెల్లం వీశెల్లో కొని ఉంటాడు, తిరిగి పుచ్చుకున్నది అర్ధ రూపాయో, బేడో. ‘ఆంధ్రప్రదేశ్’ అని కూడా రాశావు. అప్పటికది ఆంధ్ర రాష్ట్రం, రాజధాని కర్నూలు. ఇవన్నీ పది నిమిషాల్లో దిద్దుకోవచ్చు.

తేలిగ్గా తీసుకోకూడనిది ఇంకోటుంది. పాత క్యాలెండర్ చూశాను. 1955లో క్రిస్మస్ ఆదివారం పడింది. నీ కథలో తాతయ్య గుమాస్తా. ఏడాదికొక్క పండగ సెలవు, అదీ ఆదివారంలో కలిసిపోయింది. బెజవాడ నుంచి రేపల్లె అవతలి పల్లెకు వెళ్లాలంటే తెనాలిలో బండి మారాలి, రేపల్లెలో దిగి ఎడ్లబండి ఎక్కాలి. చంకలో పిల్ల, చేతికి పిల్లాడు, సోమవారం పొద్దున్నే ఆఫీసు. నువ్వేమో ‘పండక్కి అందరూ సంతోషంగా ఊరికి బయల్దేరారు’ అని ఒక్క వాక్యంతో రైలెక్కించేశావు. సెలవు చీటీ పట్టుకుని పై అధికారి గది ముందు నిలబడ్డ తాతయ్య ఏడీ? కథ అక్కడ మొదలుపెట్టు.

డబ్బు సంగతీ అంతే. సంక్రాంతి జీతాలందిన రెండు వారాలకే వస్తుంది. క్రిస్మస్ ఇరవై ఐదో తారీఖున, జేబు అడుగంటాక వస్తుంది. మా నాన్న డిసెంబరు నెలంతా బట్టల కొట్టు ముందు నుంచి కాక, వెనక సందులోంచి ఇంటికొచ్చేవాడు. పాతబాకీ. అదే నెలలో ఊళ్లో చూడు: డెల్టాలో కోతలు, నూర్పిళ్లు, కూలికి వెళ్లిన మన వాళ్లకు గింజల్లోనే కూలి. అంటే పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు చేతిలో అణా లేదు, కూలికెళ్లే తల్లి ఇంట్లో కొత్త ధాన్యం ఉంది. వాళ్లిద్దరూ పండగ పూట ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకుని ఉంటారు? ఇంత సరుకు దగ్గర పెట్టుకుని నువ్వు మూడు చోట్ల ‘ఆనందం వెల్లివిరిసింది’ అన్నావు. మూడూ కొట్టేశాను.

అరిసెల దగ్గర మాత్రం మెచ్చుకోవాలి. నానిన బియ్యం వడేసి తడి ఆరకముందే దంచడం, జల్లించిన పిండిని చేత్తో అదిమి పెట్టడం, ఇవి నాయనమ్మ నోట విన్నవేనని తెలుస్తోంది. అయితే పాకం ప్రతిసారీ కుదిరినట్టు రాయకు. నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టగానే పిండి పోయాలి, కాస్త ఏమరితే ముదిరిపోతుంది. ఓ ఏడు మా అమ్మకు అలాగే ముదిరింది. అరిసెలు పలకల్లా తయారయ్యాయి. అవి ఊరికి పట్టుకెళ్లాల్సినవి. అమ్మ ఏమీ అనలేదు. డాల్డా డబ్బాలో గట్టివి కింద సర్ది, పైన నాలుగు మంచివి పేర్చి మూత పెట్టింది. ఊళ్లో మా నాయనమ్మ ఆ డబ్బా ఖాళీ చేసేటప్పుడు ఏమన్నదో పిల్లలం మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంటుంది.

మీ నాయనమ్మ పుట్టిల్లు నరసరావుపేట అన్నావు. పండగ అత్తింట్లో గడిచింది, సరే. మరి పుట్టింటికి ఎప్పుడు వెళ్లింది? 1956 జనవరి 1 కూడా ఆదివారమే. పాత ఏడాది చివరి రాత్రి ఆరాధనకు తన ఊరి గుళ్లో ఉండాలనుకుందేమో. రేపల్లె నుంచి గుంటూరు, అక్కడ దిగి మాచర్ల వైపు వెళ్లే మీటర్ గేజి బండి. పిల్లలతో ఒక్కతే వెళ్లిందా, తమ్ముడొచ్చి తీసుకెళ్లాడా, అసలు వెళ్లనే లేదా? నీ కథలో ఆమె వంటింట్లోంచి బయటికే రాలేదు.

ఇక నక్షత్రం. వెదురు బద్దలు, రంగు కాగితాలు, లోపల దీపం, సరుగుడు కొమ్మ, పెట్రోమాక్స్ లైటు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగే పాటలవాళ్లు, అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక వాక్యం: ‘బెజవాడ అద్దె ఇంట్లో తాతయ్య నక్షత్రాన్ని పెరటి వైపు కట్టేవాడు.’ రాసేసి ముందుకెళ్లిపోయావు! నా పెన్సిల్ అక్కడే ఆగిపోయింది. వీధి గుమ్మానికి ఎందుకు కట్టలేదు? ఇంటివాళ్లు ఖాళీ చేయమంటారనా? ఆఫీసు కాగితాల్లో ఒక పేరు, గుళ్లో ఇంకో పేరు ఉండేదా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ గుర్తింపు లేదు. ఆ కాలంలో నక్షత్రం ఎటు కట్టాలన్నా ఆలోచించుకున్న ఇళ్లు నాకు తెలుసు. మీది అలాంటిదేనని అనడం లేదు. పెరట్లో గాలి తక్కువ, దీపం ఆరదని కట్టి ఉండొచ్చు కూడా. ఊహించి రాయకు, నాయనమ్మను అడుగు. ఆమె చెప్పకపోతే, చెప్పలేదనే రాయి.

అడగడమంటే ఫోన్ ముందు పెట్టి ‘అప్పట్లో క్రిస్మస్ ఎలా చేసేవాళ్లు నాయనమ్మా’ అనడం కాదు. ‘బాగా చేసేవాళ్లమే’ అని ఊరుకుంటుంది. ఏ పప్పో ఏరుతున్నప్పుడు పక్కన కూర్చుని, ఆ ఏడు పిల్లల గౌన్లు ఎవరు కుట్టారో అడుగు. దర్జీ మీద కోపంతోనైనా మొదలుపెడుతుంది.

అలాగే ఇంకొకటి కనుక్కో. తనూ ఏదో డబ్బాలోనే అరిసెలు పట్టుకెళ్లి ఉంటుంది కదా. మన వాళ్లు ఖాళీ గిన్నె తిరిగి పంపరు. ఆ డబ్బా బెజవాడ తిరిగొచ్చేటప్పుడు అత్తగారు అందులో ఏం పోసి పంపింది?

రెండో ప్రతి వాట్సాప్‌లో పెట్టు, చాలు.

ఉంటాను,
మీ మాస్టారు