బొమ్మ రైలు లేఅవుట్‌లో దీపాలకు విద్యుత్తు ఎలా ఇవ్వాలి?

అరకు మార్గం నమూనాలో 20 ఎల్‌ఈడీలను రైలు నడిపే కంట్రోలర్ నుంచే వెలిగించవచ్చా అని మీరు అడిగారు. వద్దు. సాధారణ డీసీ కంట్రోలర్ వేగాన్ని బట్టి వోల్టేజీని మారుస్తుంది కనుక, రైలు ఆగినప్పుడు స్టేషన్ దీపాలు కూడా ఆరిపోతాయి.

దీపాలకు విడిగా బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్న 12 వోల్టుల, 1 ఆంపియర్ డీసీ అడాప్టర్ తీసుకోండి. 230 వోల్టుల కరెంటు ఆ అడాప్టర్ దగ్గరే ఆగాలి, లేఅవుట్ ఉన్న బల్ల కిందికి రాకూడదు.

తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు చాలు. మిగిలిన 9 వోల్టులను 1,000 ఓమ్‌ల, పావు వాట్ రెసిస్టర్ (కరెంటును పరిమితం చేసే చిన్న భాగం) భరిస్తే దాదాపు 9 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి, బొమ్మ ఇళ్లకు ఆ వెలుగే ఎక్కువ. ప్రతి దీపానికీ దాని రెసిస్టర్ దానికే ఉండాలి. అన్నిటికీ కలిపి ఒకటే పెడితే కరెంటు సమానంగా పంచుకోక కొన్ని త్వరగా మాడిపోతాయి.

ఇరవైకీ కలిపి 180 మిల్లీఆంపియర్లే అయినా, తీగలు తాకి షార్ట్ అయితే అడాప్టర్ తన శక్తినంతా సన్న తీగల్లోకి పంపి వాటిని వేడెక్కించగలదు కనుక, ప్లస్ తీగలో అడాప్టర్ దగ్గరే అర ఆంపియర్ ఫ్యూజు పెట్టండి.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, మెలిపెట్టి వదిలేసిన అతుకులు ఉప్పుగాలికి త్వరగా చిలుమెక్కుతాయి. టంకం వేసి స్లీవ్ (అతుకును కప్పే ప్లాస్టిక్ గొట్టం) తొడగండి. నా అనుభవంలో సగం దీపాల జబ్బులు అతుకులవే.