పంటి సిమెంట్ గట్టిగా ఉంటే చాలదా?

ప్రశ్న: కొన్నేళ్ల కిందట కింది దవడ పన్ను పుచ్చితే వెండి సిమెంట్ పెట్టారు. కొత్తలో చల్లనీళ్లు తగిలితే ప్రాణం పోయేది, తర్వాత తగ్గింది. ఈమధ్య ఇంకో పన్నుకి పంటి రంగు సిమెంట్ పెట్టించుకుంటే కొరికినప్పుడల్లా కలుక్కుమంటోంది. నాసిరకం సరుకు వాడారా? పాతదాంట్లో పాదరసం ఉందంటున్నారు, తీయించేయాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సరుకుని అనుమానించకండి. ఆ రెండు సిమెంట్ల స్వభావాలే వేరు, అందుకే అవి పెట్టే ఇబ్బందులూ వేరు. వెండి, తగరం, రాగి కలిసిన పొడిని పాదరసంతో కలిపితే వెండి సిమెంట్ తయారవుతుంది, దాని బరువులో దాదాపు సగం పాదరసమే. లోహం కదా, పంటి లోపలి డెంటిన్ కంటే ముప్ఫై రెట్లకు పైగా వేడినీ చల్లదనాన్నీ లాగేస్తుంది, అందుకే ఫ్రిజ్ నీళ్లు తాగితే నరం దాకా జివ్వుమంది. పోనుపోను నరం తేరుకుంటుంది, లోపలివైపు పన్ను తనంతట తనే కొత్త డెంటిన్ వేసుకుంటుంది. లోతు పుచ్చుకి అడుగున వేరే సిమెంట్ పొర వేసేది కూడా ఈ వేడీ చల్లదనం నుంచి కాపాడటానికే. అన్నట్టు, చాక్లెట్ చుట్టిన అల్యూమినియం రేకు పొరపాటున ఆ పన్ను కింద పడితే షాక్ కొడుతుంది చూడండి, రెండు లోహాల మధ్య ఉమ్మి చేరితే అదో చిన్న బ్యాటరీ.

ఇక పంటి రంగుది, అంటే కాంపోజిట్. ఇది రెజిన్‌లో, అంటే ప్లాస్టిక్ లాంటి జిగురులో, గాజు పొడి కలిపిన ముద్ద. నీలం లైటు పెడితే క్షణాల్లో గట్టిపడుతుంది కానీ గట్టిపడుతూ ఘనపరిమాణంలో సుమారు 2, 3 శాతం కుంచించుకుపోతుంది. వినడానికి తక్కువే, కానీ పంటి గోడలకి అతుక్కున్న ముద్ద అలా ముడుచుకుంటే గోడనన్నా లాగుతుంది, లేదా అతుకు వదిలి కంటికి కనిపించనంత సందు పడుతుంది. ఆ సందులో ద్రవం కదిలితేనే కొరికినప్పుడు కలుక్కుమనేది. డాక్టర్లు ఒకేసారి నింపకుండా సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరకీ లైటు పెట్టడం ఇందుకే, ఓపిక పట్టండి, తొందరపెట్టకండి. అయితే మీది అంత కథ కాకపోవచ్చు. సిమెంట్ కాస్త ఎత్తుగా ఉన్నా ఇలాగే ఉంటుంది. వెళ్లి రంగు కాగితం కొరికించి చూడమనండి, ఎత్తున్న చోట కొద్దిగా గీకితే సరిపోతుంది. రాత్రుళ్లు దానంతటదే పోటు వస్తోందంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

పాదరసం సంగతి. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి కొన్ని మినహాయింపులతో వెండి సిమెంట్ వాడకం ఆపేసింది, దానికి పెద్ద కారణం పర్యావరణం. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2020లో గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లల్లాంటి వాళ్లకి కొత్తగా పెట్టొద్దని సూచిస్తూనే, బాగున్న పాతవాటిని అవసరం లేకుండా పీకించుకోవద్దనీ చెప్పింది. గీకేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ వస్తుంది మరి. మీది బాగుంటే వదిలేయండి.

ప్రశ్న: నాన్నగారి పళ్ల సెట్ శుభ్రంగా ఉంటుందని మరిగే నీళ్లలో వేశాం. ఇప్పుడు వదులైంది.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అది అక్రిలిక్ అనే ఒక రకం ప్లాస్టిక్ అండీ, వేడికి మెత్తబడి వంకరపోతుంది, మళ్లీ మొదటి ఆకారానికి రాదు. డాక్టరుగారు లోపల కొత్త పొర వేసి సరిచేయగలరేమో చూపించండి, లేకపోతే కొత్తదే. ఇంట్లో బ్లేడుతో చెక్కడం, ఫెవిక్విక్ పూయడం వద్దు. రాత్రి మామూలు నీళ్లలోనే ఉంచండి, ఎండిపోయినా ముడుచుకుంటుంది. టూత్‌పేస్ట్ కూడా వాడకండి, అక్రిలిక్ పంటి పైపొర ఎనామిల్ కంటే చాలా మెత్తన, గీతలు పడి ఆ గీతల్లో పాచి చేరుతుంది. ఇంకో మాట, అక్రిలిక్ వేడిని సరిగా పోనివ్వదు కాబట్టి పై సెట్ పెట్టుకున్న పెద్దవాళ్లకి అంగిట్లో కాక తెలియదు, గొంతు దాకా వెళ్లాకే కాఫీ కాలుతుంది. కాస్త చల్లార్చి ఇవ్వండి.

ప్రశ్న: జిర్కోనియా క్యాప్ వేస్తే ఎదుటి పన్ను అరిగిపోతుందా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జిర్కోనియా అంటే బాగా గట్టి పింగాణీ రకం, ఎనామిల్ కంటే మూడు నాలుగు రెట్లు కఠినం, నిజమే. కానీ ఎదుటి పన్నుని అరగదీసేది గరుకుదనం. నున్నగా పాలిష్ చేసిన జిర్కోనియా, మామూలు పింగాణీ క్యాప్ కంటే తక్కువే అరగదీస్తుంది. క్యాప్ అతికించాక ఎత్తు తగ్గించడానికి డ్రిల్లుతో గీకారంటే, ఆ చోట మళ్లీ పాలిష్ చేయించుకున్నాకే కుర్చీ దిగండి.