పగడాల తొట్టె ఎవరికి? ఎందుకు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఉప్పునీటి అక్వేరియాల మీద వచ్చిన ఉత్తరాల నుంచి ఏరినవి ఇవి.

ప్రశ్న: మా తమ్ముడు జీతంలో సగం ఉప్పునీటి అక్వేరియం మీదే పోస్తున్నాడు. గోల్డ్ ఫిష్ తొట్టె అయితే వందల్లో అయిపోయేది కదా! రాత్రి పదింటికి కూడా టెస్ట్ ట్యూబులు ముందేసుకుని కూర్చుంటాడు. ఇంత పిచ్చి దేనికి? – కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఆ టెస్ట్ ట్యూబుల్లోనే సగం జవాబు ఉందండీ. ఈ సరదాలోకి జనాన్ని లాగేది రంగులే. కానీ రంగుల కోసం వచ్చినవాళ్లు ఎక్కువ కాలం ఉండరు. ఉండిపోయేది వేరే రకం మనుషులు.

పగడం రాయీ కాదు, మొక్కా కాదు, జంతువు. దాని ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. పైన లైటు వెలిగితే నాచు చక్కెర తయారుచేసి పగడానికి పెడుతుంది. గట్టి పగడం నీటిలోని కాల్షియాన్ని, కార్బోనేట్‌ను లాక్కుని అస్థిపంజరం కట్టుకుంటుంది. మీ తమ్ముడు కొలిచేది అదే. సోమవారం క్షారత, అంటే నీటిలో కార్బోనేట్ లెక్క, 8.5 డీకేహెచ్ (దాని కొలమానం) ఉండి, గురువారానికి 8.1కి దిగిందంటే పగడం పెరుగుతున్నట్టు లెక్క. కంటికి ఆ తేడా తెలియడానికి నెలలు పడుతుంది, ట్యూబులో మూడు రోజుల్లో తెలిసిపోతుంది. ఆ అంకెలో జీవం చూడగలిగినవాడికి రాత్రి పది అయినా తెలియదు.

రెండోది వాటి నడవడి. క్లౌన్ ఫిష్‌లన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదవుతుంది. అది పోతే దాని జోడీ మగచేప ఆడదిగా మారుతుంది, తరువాతి పెద్దది మగ స్థానంలోకి వస్తుంది. పిస్టల్ రొయ్యకు చూపు సరిగా ఆనదు. అది బొరియ తవ్వుతూ ఒక మీసాన్ని గోబీ చేప మీద ఆనించి ఉంచుతుంది. అపాయం కనబడగానే గోబీ తోక ఆడిస్తుంది, మరుక్షణం రెండూ లోపలే. క్లీనర్ రొయ్య ఒక రాతి మీద అడ్డా వేస్తే, చేపలు దాని దగ్గరికి వచ్చి ఒళ్లు శుభ్రం చేయించుకుంటాయి. ఇదంతా మూడడుగుల తొట్టెలోనే కనిపిస్తుంది. లైట్లు ఆపాక ఎర్ర టార్చి వేసి చూస్తే రాళ్ల సందుల్లోంచి పురుగులు, నక్షత్రచేపల్లాంటి బ్రిటిల్ స్టార్లు బయటికి వస్తాయి. మీ తమ్ముడు ఇంకా ఆ దశకు రాకపోతే త్వరలో వస్తాడు, కంగారు పడకండి.

మూడోది పంపకం. మృదు పగడాన్ని (గట్టి అస్థిపంజరం కట్టని రకం) బ్లేడుతో కోసి, ముక్కను రాతికి అంటిస్తే అది ఇంకో పగడమవుతుంది. అలా ఒకరి పగడం పదిమంది ఇళ్లకు చేరుతుంది. ఒకరి తొట్టె పాడైతే పక్కవాడి దగ్గర అదే పగడం మళ్లీ దొరుకుతుంది. స్నేహాలు కుదిరేదీ ఇక్కడే.

ఇదేమీ నిన్న మొన్నటి మోజు కాదు. సముద్రపు రాయి, గాలి బుడగలు, ఎండ వీటితోనే పగడాలను తొట్టెలో బతికించవచ్చని ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఇంగ్ 1961లోనే రాశాడు.

ఇక ఖర్చు. మూడడుగుల తొట్టెకు నీటిని పైకి తోసే రిటర్న్ పంపు 30 వాట్లు, నురుగుతో మురికి తీసే స్కిమ్మర్ 15, నీటిని కదిలించే వేవ్‌మేకర్లు 20 అనుకుంటే, అవి 24 గంటలూ తిరిగితే రోజుకు ఒకటిన్నర యూనిట్లు. 100 వాట్ల లైటు 9 గంటలకు ఇంకో 0.9. వేసవిలో నీటిని చల్లబరిచే 200 వాట్ల చిల్లర్ పది గంటలు పనిచేస్తే 2 యూనిట్లు. అంటే ఎండాకాలం నెలకు సుమారు 135, చలికాలం 75. ఇంటి బిల్లులో అంతకు మించి తేడా కనిపిస్తే చిల్లర్ గాలి ఆడని మూల ఉందేమో చూడమనండి. జీతంలో సగం పోతోందంటే మాత్రం అది కరెంటుకు కాదు, కొత్త చేపలకూ కొత్త పరికరాలకూ. అక్కడ గట్టిగా అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మొదలుపెట్టాలని ఉంది. ఏమేం కావాలి, ఎంతెంత? – రాజమహేంద్రవరం

జవాబు: చిన్న తొట్టె తేలికనుకోకండి. నీళ్లు తక్కువైతే పొరపాటు వేగంగా ముదురుతుంది. 90×45×45 సెంటీమీటర్ల తొట్టె, కింద సంప్ (పంపు, స్కిమ్మర్ ఉండే రెండో తొట్టె), రెండూ కలిపి రాళ్లు పోగా 190 లీటర్ల నీళ్లు పడితే మొదటిసారికి సరిపోతుంది. స్టాండుతో కాకుండానే బరువు 300 కిలోల దాకా వస్తుంది కాబట్టి గోడవారగా, నేల మట్టంగా ఉన్నచోట పెట్టండి.

నీళ్లతోనే అసలు పని మొదలు. బోరు నీళ్లు పనికిరావు. ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లూ నేరుగా పనికిరావు, ఎందుకంటే చాలా మిషన్లలో రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ కొంత పచ్చినీటిని తిరిగి కలుపుతుంది. దాన్ని పూర్తిగా మూయించి, బయటికొచ్చే నీటిని మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెసిన్ గొట్టం గుండా పంపి, టీడీఎస్ మీటర్లో సున్నా చూపించేదాకా చూడండి. అందులో లీటరుకు సుమారు 36 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. 190 లీటర్లకు దాదాపు 7 కిలోలు. వంట ఉప్పుతో కాదు, అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఉండవు. నీళ్లలో ఉప్పు పోయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే తెల్లటి గడ్డలు కట్టి కాల్షియం వృథా అవుతుంది. పంపు పెట్టి ఒక రాత్రి తిప్పాక ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో 35 పీపీటీ (కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు) చూసుకోండి. ఆ పరికరాన్ని 35 పీపీటీ ద్రావణంతో సరిచేసుకోవాలి. మంచినీటితో సున్నా దగ్గర సరిచేసినంత మాత్రాన 35 దగ్గర సరిగా చూపిస్తుందన్న హామీ లేదు.

పొడి రాయి (జీవాలు లేని ఎండు రాయి) 12–15 కిలోలు, అరగొనైట్ (కాల్షియం కార్బోనేట్) ఇసుక రెండున్నర సెంటీమీటర్ల మందాన దాదాపు 15 కిలోలు. రాళ్లను తొట్టె అడుగు గాజు మీద నిలబెట్టాకే ఇసుక పోయండి. ఇసుక మీద పేర్చితే గోబీ కింద తవ్వినప్పుడు కూలుతాయి.

చేప వేయకుండా 4 నుంచి 6 వారాలు ఆగాలి. ఈ లోపల చేపల వ్యర్థంలోని అమ్మోనియాను అరిగించే బ్యాక్టీరియా పెరగాలి. 190 లీటర్లకు 1.2 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కలిపి, రోజు విడిచి రోజు కొలవండి. ముందు అమ్మోనియా తగ్గి నైట్రైట్ లేస్తుంది, తరువాత నైట్రైట్ పోయి నైట్రేట్ మిగులుతుంది. మళ్లీ 2 పీపీఎం వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. అప్పుడు మూడో వంతు నీళ్లు మార్చి ఒక జత క్లౌన్ ఫిష్ వేయండి. తరువాతి చేప కనీసం రెండు వారాల తరువాతే. మృదు పగడాలు రెండు మూడు నెలలకు. అక్కడినుంచి వారానికి 20 లీటర్లు మార్చడం అలవాటు చేసుకోండి. మృదు పగడాలకు విడిగా కాల్షియం పోయనక్కర్లేదు, కొత్త ఉప్పులో వచ్చేది చాలు.

కరెంటు సంగతి మన దగ్గర మరిచిపోకూడదు. పంపు ఆగగానే పై తొట్టె నీళ్లు కిందికి దిగుతాయి. రిటర్న్ గొట్టం మూతి నీటిమట్టానికి 3 సెంటీమీటర్ల కింద ఉంటే 12 లీటర్లు దిగుతాయి. మూతికి కాస్త పైన, నీటి అంచుకు సరిగ్గా, గొట్టానికి చిన్న బెజ్జం పెట్టండి. గాలి చొరబడి ప్రవాహం తెగుతుంది. అయినా సంప్‌లో 20 లీటర్ల ఖాళీ ఎప్పుడూ ఉంచాల్సిందే, ఆ బెజ్జంలో నత్త కూర్చునే రోజూ వస్తుంది. ఇక ఇన్వర్టర్ మీద ఒక్క వేవ్‌మేకర్ ఉంటే చాలు. లైటు లేకపోయినా ఒకట్రెండు రోజులు పగడం తట్టుకుంటుంది, నీటి కదలిక లేకపోతే చేపకు ప్రాణవాయువు అందదు.

ప్రశ్న: మేముండేది బీచ్ దగ్గరే. బకెట్లతో సముద్రపు నీళ్లే తెచ్చుకుంటే పోలా? – విశాఖపట్నం

జవాబు: ఒడ్డు నీళ్లు వద్దు. నగరపు మురుగు, ఓడరేవు నూనె, బురద అన్నీ అక్కడే చేరతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. వానాకాలం తరువాత గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మోసుకొచ్చిన మంచినీళ్లతో బంగాళాఖాతం పైపొర పలుచబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచి ఆ నీటినే మన ఒడ్డుకు తెస్తుంది. అప్పుడు ఉప్పదనం 30 పీపీటీ కంటే కిందికీ పడవచ్చు. తెలిసిన పడవవాళ్లుంటే ఫిబ్రవరి, మార్చిలో తీరానికి దూరంగా, తేటగా ఉన్నచోట పట్టించండి. మూసిన డ్రమ్ములో చీకట్లో రెండు వారాలు ఉంచి, పైన తేరిన నీటిని సన్నటి ఫిల్టర్ సంచిలో వడగట్టి, ఉప్పదనం, క్షారత, ఫాస్ఫేట్ కొలిచాకే వాడండి.

మీ ఊళ్లో ఇంకో తేడా కూడా చెప్పాలి. ఫ్యాను గాలితో తొట్టెను చల్లబరిచే ఉపాయం ఏప్రిల్‌లో హైదరాబాద్ పొడిగాలికి బాగా పనిచేస్తుంది. ఒక్క లీటరు ఆవిరైతే 190 లీటర్ల నీళ్లు దాదాపు 3 డిగ్రీలు చల్లబడేంత వేడి పోతుంది. విశాఖ ఉక్కలో నీళ్లు అంత తేలిగ్గా ఆవిరి కావు. అక్కడ చిల్లరో, ఏసీ గదో తప్పదు. నీళ్లు 25–27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం లోపలి నాచును వదిలేసి తెల్లబోతుంది.

ప్రశ్న: నీళ్లు తగ్గినప్పుడు ఉప్పునీళ్లు పోయాలా, మంచినీళ్లా? – ఖమ్మం

జవాబు: మంచినీళ్లు, టీడీఎస్ సున్నావి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది.

ప్రశ్న: నాలుగు నెలల తొట్టె. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా తెచ్చాను. అయినా ఇసుక మీద గోధుమరంగు జిగురు, తీగల్లా బుడగలతో. ఎంత పీల్చినా మర్నాటికి మళ్లీ. – వరంగల్

జవాబు: "అయినా" కాదు, సున్నా తెచ్చారు కాబట్టే. అవి డైనోఫ్లాజెల్లేట్లని అనుమానం. వాటితో పోటీపడే మామూలు నాచు, బ్యాక్టీరియా ఆకలికి పోతే ఖాళీ చోటును ఇవి ఆక్రమిస్తాయి. నిర్ధారించుకోండి: కాస్త జిగురును తొట్టె నీళ్లతో సీసాలో పోసి గట్టిగా గిలకొట్టి, టిష్యూ కాగితంలో వడగట్టి, ఆ నీటిని వెలుగులో గంట ఉంచండి. మళ్లీ తీగలుగా కూడితే అవే. పొడిలా రాలే గోధుమరంగు అయితే డయాటములు, వాటంతటవే పోతాయి. ముదురెరుపు దుప్పటిలా లేచొస్తే సయానోబ్యాక్టీరియా.

ఫాస్ఫేట్‌ను పీల్చేసే మందును తీసేయండి. మేత కొంచెం పెంచండి, అవసరమైతే సోడియం నైట్రేట్ ద్రావణం పోయండి. నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05–0.1 దగ్గర నిలబడాలి. కొన్ని వారాలు నీళ్లు మార్చడం ఆపండి. రాత్రిపూట నీటిలోకి తేలే రకమైతే యూవీ దీపం పనిచేస్తుంది, ఇసుకలోనే ఉండిపోయే రకం మీద పనిచేయదు. ఈ లోపల నత్తలు చనిపోతుంటే ఆశ్చర్యపోవద్దు, కొన్ని రకాలు విషపూరితం.

ప్రశ్న: రాయి నిండా బటన్ పగడాలు అల్లుకుపోయాయి. రాయిని మరిగించి శుభ్రం చేయొచ్చా? – గుంటూరు

జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వాటిని జోయాంతిడ్లు, పాలిథోవాలు అంటారు. కొన్నింటిలో పాలిటాక్సిన్ ఉంటుంది, అది అత్యంత తీవ్రమైన విషాల్లో ఒకటి. మరిగించినా అది విరిగిపోదు, ఆవిరి తుంపరలతో గదంతా పరుచుకుంటుంది. ఇలా ఇంటిల్లిపాదీ జ్వరం, ఆయాసంతో ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. వేడినీటి పంపుతో కొట్టడం, పొడిగా గీకడం కూడా వద్దు. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని, రాయిని నీళ్లలోనే ఉంచి ఒక్కో ముక్కా ఊడదీయండి. చేతికి కోత ఉన్న రోజు అసలు ముట్టుకోకండి.

ప్రశ్న: రామేశ్వరం వైపు నుంచి సజీవ గట్టి పగడం, లైవ్ రాక్ చవగ్గా తెప్పిస్తామని ఒకరంటున్నారు. తీసుకోవచ్చా? – విజయవాడ

జవాబు: వద్దు. దిబ్బలు కట్టే గట్టి పగడాలు, విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్ పగడాలు, నల్ల పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ఒకటో షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. లైవ్ రాక్ అంటే సాధారణంగా చచ్చిన పగడపు అస్థిపంజరమే కాబట్టి అదీ ఆ పరిధిలోకే వస్తుంది. మన్నార్ సింధుశాఖ దీవులు జాతీయ సముద్ర పార్కు. పొడి రాయి, సిరామిక్ రాయి నెమ్మదిగానైనా బ్యాక్టీరియాకు ఇల్లుగా అదే పని చేస్తాయి. ఏ పగడం కొన్నా బిల్లు, దిగుమతి పత్రాలు అడగండి, నీళ్లు నమిలే దుకాణం నుంచి వెనక్కి వచ్చేయండి. చేపల్లోనూ పెంపకంలో పుట్టినవే తీసుకోండి. క్లౌన్ ఫిష్‌లను పొదిగించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది. తొట్టెలో పుట్టిన చేప పొడి మేత వెంటనే తింటుంది, రోగాలూ తక్కువ.

ప్రశ్న: నాలుగు వారాలు ఇండియా వస్తున్నాం. తొట్టెను స్నేహితుడికి అప్పగించాలి. ఏం చెప్పి రావాలి? – డాలస్, టెక్సస్

జవాబు: ప్రయాణానికి ముందు నెలలో కొత్త చేప, కొత్త పరికరం ఏదీ వద్దు. రోజువారీ మేతను మాత్రల డబ్బాలో గదులవారీగా పోసిపెట్టి, అసలు డబ్బా దాచేయండి. స్నేహితులు ప్రేమతోనే చేపల్ని చంపుతారు. ఆవిరయ్యే నీరు రోజుకు 2 లీటర్లనుకుంటే 56 లీటర్లు కావాలి, కానీ అంత పెద్ద డ్రమ్ము పెట్టకండి. నీళ్లు తగ్గినప్పుడు డ్రమ్ము నుంచి నింపే ఫ్లోట్ ఇరుక్కుంటే అదంతా తొట్టెలో పడుతుంది. 20 లీటర్ల డబ్బా పెట్టి వారానికొకసారి నింపమనండి. మొత్తం పడినా 190 లీటర్ల తొట్టెలో ఉప్పదనం 35 నుంచి 32 దాకానే దిగుతుంది, చేపలు బతుకుతాయి. అన్నట్టు, సంప్‌లో ఆ 20 లీటర్లు పట్టేంత చోటు ఉందో లేదో కొలిచి చూడండి. స్కిమ్మర్‌ను నీళ్లు తక్కువున్న గట్టి నురుగు వచ్చేలా తగ్గించండి, దాని మురికి కప్పు పొంగదు. ఇల్లు ఖాళీ కదా అని ఏసీ ఆపేయకండి, థర్మోస్టాట్ 78 ఫారెన్‌హీట్ దగ్గర వదిలేయండి. ఏ ప్లగ్గు దేనిదో కాగితం ముక్క మీద రాసి ప్లగ్గుకే అంటించండి. బయల్దేరే ముందు వారం అతని చేతే అన్నీ చేయించి, మీరు చేతులు కట్టుకుని చూడండి.