అల్లుడికి: టూరింగ్ బండి ఒంటికి సరిపడాలంటే

ఒరేయ్ అల్లుడూ,

బండి ఫోటోలు చూశాన్రా, బాగుంది. దాని కింద నువ్వు పంపిన లిస్టు కూడా చూశా, పొడుగు విండ్‌షీల్డు, జెల్ సీటు, హ్యాండిల్‌ని పైకి లేపే రైజర్లు, మూడు పెట్టెలు, నాలుగు ఫాగ్ లైట్లు, మోత సైలెన్సరు. బండి ఇంకా ఫస్ట్ సర్వీసుకే పోలేదు, అప్పుడే దానికి ఇన్ని తగిలించడం ఎందుకు చెప్పు. అన్నీ వద్దనట్లేదు, కొన్ని నిజంగానే కావాల్సి రావచ్చు, కాకపోతే ఏది కావాలో తేల్చాల్సింది నీ నడుమూ నీ మోకాళ్లూ, వీడియోలు చేసేవాళ్లు కాదు. సైలెన్సరు మాత్రం ఇప్పుడే కొట్టేయ్, పది నిమిషాలు వినడానికి బాగానే ఉంటుంది గానీ ఆరు గంటలు దాని మీద కూర్చుంటే తల దిమ్మెక్కిపోద్ది.

రన్నింగ్-ఇన్ (కొత్త ఇంజన్‌ని నెమ్మదిగా నడపాల్సిన మొదటి రోజులు) అయ్యాక, ఏమీ మార్చకుండా, షోరూం నుంచి ఎలా వచ్చిందో అలాగే ఒక రోజంతా నడుపు, మూడొందలో నాలుగొందలో కిలోమీటర్లు. ఆగిన ప్రతిచోటా ఫోన్లో రాసుకో, ఎన్నో గంటకి ఎక్కడ నొప్పి మొదలైందో. గంటన్నరకే పిర్రలు మంటెత్తాయా, మూడో గంటకి అరచెయ్యి తిమ్మిరెక్కిందా, మెడ పట్టేసిందా, మోకాలు చాపుకోవాలనిపించిందా. చాలామంది నడుం నొప్పి అనగానే సీటు మార్చేస్తారు, తీరా చూస్తే హ్యాండిల్ దూరంగా ఉండి ముందుకి వాలి కూర్చోవడం వల్ల వచ్చిన నొప్పి అది, డబ్బులు పోయాయి నొప్పి అలాగే ఉంది. అందుకే ఒక్కసారికి ఒక్కటే మార్చు, మార్చాక మళ్లీ అంత దూరమూ నడిపి చూడు, మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో నీకే తెలీదు.

కంపెనీ వాళ్లకి తెలీదా ఇదంతా అంటావు. తెలుసు, కానీ వాళ్లు ఒక సగటు మనిషిని అనుకుని చేస్తారు, నీ కాళ్ల పొడుగు కొలిచి చెయ్యరు కదా. 1975లో హోండా గోల్డ్ వింగ్ మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి ముందు అద్దమూ లేదు పెట్టెలూ లేవు, కొన్నవాళ్లే విండ్‌జామర్ లాంటి ఫెయిరింగులు (గాలిని ఆపే ముందు తొడుగులు) బయట కొని బిగించుకుని దూరాలు తిరిగారు, చివరికి 1980లో హోండానే ఇంటర్‌స్టేట్ అని ఫెయిరింగూ పెట్టెలూ కలిపి అమ్మింది. అంటే బండిని మనకి తగ్గట్టు మార్చుకోవడం టూరింగ్‌లో మొదట్నుంచీ ఉన్నదే, తప్పేం లేదు.

ఏదైనా కొనేముందు ఉన్నవాటిని సర్దు. దీనికి రెండు పానాలూ ఒక సాయంత్రమూ చాలు. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి రైడింగ్ జాకెట్టూ గ్లౌజులూ వేసుకుని మామూలుగా కూర్చో, కళ్లు మూసుకుని చేతులు గ్రిప్పుల మీద పెట్టి రెండేసి వేళ్లు లివర్ల మీదకి చాపు. ఇప్పుడు కళ్లు తెరిచి చూడు, మోచేతి నుంచి వేళ్ల కొసదాకా ఒకటే గీతలా ఉందా లేక మణికట్టు పైకి విరిగినట్టు ఉందా. విరిగినట్టు ఉంటే లివర్ బ్రాకెట్ బోల్టులు కొంచెం లూజు చేసి లివర్‌ని కిందకి తిప్పు, చాలా బళ్లకి కొంచెం తిప్పితేనే తేడా తెలిసిపోద్ది. తర్వాత బోల్టులు బిగించేటప్పుడు ఊగకుండా ఉండేంత బిగిస్తే చాలు, బండి పడితే లివర్ తిరగాలి గానీ విరక్కూడదు. క్లచ్ లివర్ ఆటా, గేర్ పెడల్ ఎత్తూ, వెనక బ్రేక్ పెడల్ ఎత్తూ కూడా అప్పుడే సరిచూసుకో, బూటు వేసుకుని చూడాలి, చెప్పులతో కాదు.

చేతి తిమ్మిరి సంగతి విడిగా చెప్తా, ఇది చాలామందికి వస్తుంది. చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కితే అరచేతి బయటి అంచు మీద బరువు పడుతున్నట్టు, బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ అయితే మణికట్టు వంగి ఉన్నట్టు లెక్క. రెండింటికీ మొదటి మందు ఒకటే, హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోవడం మానెయ్, మోకాళ్లతో ట్యాంకు పట్టుకో, నడుం పైభాగాన్ని నీ పొట్ట కండరాలే మొయ్యాలి, చేతులు కాదు. అప్పటికీ తగ్గకపోతే అప్పుడు రైజర్లు, ఇరవై ముప్పై మిల్లీమీటర్లవి చాలు. రైజర్ బిగించాక మెకానిక్ అయిపోయింది అన్నా నువ్వు కదలకు, ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్‌ని ఎడమ చివరదాకా ఒకసారి, కుడి చివరదాకా ఒకసారి తిప్పు. ఇంజన్ సౌండ్ ఏమాత్రం పెరిగినా యాక్సిలరేటర్ కేబుల్ లాగబడుతోందన్నమాట, యూటర్న్‌లో బండి తనంతట తను ముందుకి దూకుద్ది. బ్రేక్ గొట్టం బిగుసుకుందేమో, వైర్లు ఫోర్కు దగ్గర నలుగుతున్నాయేమో కూడా చూడు.

సీటు గురించి అందరూ మోసపోయే చోటు ఏంటంటే మెత్తగా ఉంటే సుఖం అనుకోవడం. షాపులో వేలితో నొక్కి చూసి కొనే సీటు గంటలో నొక్కుకుపోయి కింద ప్లాస్టిక్ తగులుద్ది. దూరాలకి గట్టి ఫోమే మంచిది, పిర్రల కింద ఉండే రెండు ఎముకలకీ వెడల్పుగా ఆనిక ఉండాలి, సీటు ముందుకి జారుగా ఉండకూడదు. జారుగా ఉంటే బ్రేక్ వేసిన ప్రతిసారీ నువ్వు ట్యాంకు మీదకి వస్తావు, మళ్లీ వెనక్కి జరుగుతావు, సాయంత్రానికి అదే అలసట. గాలి కుషన్ వాడితే నిండుగా ఊదకు, కూర్చుంటే ఎముక కిందకి తగలకుండా ఉండేంత గాలి చాలు. ఇంకోటి, ఎంత మంచి సీటైనా గంటన్నరకోసారి దిగి నడవాల్సిందే. ప్యాంటు లోపల మందం కుట్లున్న కాటన్ డ్రాయరు వేసుకుని సీటుని తిట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

విండ్‌షీల్డు పొడుగ్గా ఉంటే మంచిదని రూలేం లేదు. ఛాతీకి తగిలే నిలకడైన గాలి పెద్దగా అలుపు చెయ్యదు, హెల్మెట్‌ని డబడబా కొట్టే సుడిగాలే మెడ విరగ్గొడుద్ది, అది పుట్టేది ఎక్కువగా అద్దం పై అంచు దగ్గరే. ఖాళీ రోడ్డు మీద మామూలు స్పీడులో వెళ్తూ ఎడమ చెయ్యి అద్దం వెనక నుంచి మెల్లగా పైకి లేపు, ప్రశాంతంగా ఉన్న గాలి ఎక్కడ కొట్టడం మొదలెడుతుందో చేతికే తెలుస్తుంది. అది సరిగ్గా హెల్మెట్ ఎత్తులో ఉంటే కొంచెం ఎత్తైనదో లేదా పొట్టిదో, ఏదో ఒకటి పనిచేస్తుంది, అవును పొట్టిది కూడా. అద్దం అంచు మాత్రం నీ కంటి కిందే ఉండాలి, దాని మీదుగా చూడాలి, దానిలోంచి కాదు, రాత్రి వాన పడితే ఎందుకో తెలుస్తుంది. చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకో, ఇది నవ్వులాట కాదు, హైవే స్పీడులో హెల్మెట్ లోపల గాలి మోత 100 డెసిబెల్స్ దగ్గరికి పోతుంది, 85 దాటిన చోట ఎక్కువసేపు ఉంటేనే వినికిడి దెబ్బతింటుంది, పైగా సాయంత్రం వచ్చే సగం అలసట ఆ మోత వల్లే. చట్టం ఒప్పుకునే చోటే పెట్టుకో, హారన్ వినపడే రకం తీసుకో. ఫోన్ హోల్డర్ కొంటే వైబ్రేషన్ తగ్గించే డ్యాంపర్ ఉన్నది కొను, ఇంజన్ వైబ్రేషన్‌కి ఫోన్ కెమెరాలు పాడవ్వచ్చని 2021లో ఆపిల్ వాళ్లే చెప్పారు.

ఎవరూ ముట్టుకోని అసలు సుఖం వెనక షాక్ అబ్జార్బర్‌లో ఉంది. నీ బరువుకి అది ఎంత కుంగుతుందో కొలవాలి, మన వాళ్లు దాన్ని శాగ్ అంటారు. సెంటర్ స్టాండు మీద వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నేరుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా టేపుతో కొలువు. తర్వాత బండి దింపి నువ్వు పూర్తి గేర్‌తో కూర్చో, ఇద్దరు నిలబెట్టి పట్టుకుంటే ఒకరు మళ్లీ కొలవాలి. రెండింటి తేడా చక్రం మొత్తం ఆడే దూరంలో ముప్పై శాతం అటూ ఇటూ ఉండాలి, అంటే 150 మిల్లీమీటర్లు ఆడే బండికి 45 దాకా. ఎక్కువ కుంగితే ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే సర్దుబాటు) పెంచు, తక్కువైతే తగ్గించు. వెనక మనిషీ పెట్టెలూ ఎక్కినప్పుడు మళ్లీ పెంచాలి, పెంచకపోతే వెనక కుంగి హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్లలో కొడుద్ది, ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ తేలిపోద్ది. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు, ఎత్తు మాత్రమే మారుతుంది, చివరిదాకా తిప్పినా ఇంకా కుంగుతుంటే స్ప్రింగే మార్చాలి.

పెట్టెల దగ్గర ఒకటే మాట, బరువైనవి కిందకీ ముందుకీ. టూల్స్, నీళ్లు, తాళాలు పక్క పెట్టెల్లో అడుగున, రెండు వైపులా సమానంగా, పైన టాప్ బాక్సులో రెయిన్‌కోటు లాంటి తేలికవే. టాప్ బాక్సు వెనక యాక్సిల్ వెనకాల వేలాడుతుంది కాబట్టి దాంట్లో ఐదారు కిలోలు ఎక్కువైనా స్పీడులో హ్యాండిల్ ఊగడం మొదలవ్వచ్చు. నీ బరువూ వెనక కూర్చునేవాళ్ల బరువూ లగేజీ, పెట్టెలూ, గార్డులూ అన్నీ కలిపి మాన్యువల్‌లో ఇచ్చిన లిమిట్ దాటకూడదు, చాలామంది పెట్టెల బరువు లెక్కే వెయ్యరు.

లైట్లు పెట్టిస్తే రిలే (స్విచ్చు మీద కరెంటు భారం పడకుండా చూసేది) ఉండాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి, హెడ్‌లైట్ వైరు కోసి అతికించే వాడి దగ్గర బండి వదలకు. బ్యాటరీ వోల్టేజ్ బండి ఆపి ఉన్నప్పుడు 12.6కి అటూ ఇటూ ఉండాలి, నడుస్తుంటే 14 దగ్గర. అన్నీ వేసి హైవే ఆర్పీఎంలో కూడా 13 దాటకపోతే నువ్వు బ్యాటరీని తింటున్నావన్నట్టు.

ఇక మెయింటెనెన్స్. చైన్‌ని ప్రతి 500-600 కిలోమీటర్లకీ, వానలో తిరిగితే ఆ రోజే, లూబ్ చెయ్. రోజు ప్రయాణం అయిపోయి చైన్ వెచ్చగా ఉన్నప్పుడు లోపలి వైపు నుంచి కొట్టి రాత్రంతా వదిలెయ్, పొద్దున కొడితే సగం రిమ్ము మీద చిమ్ముద్ది. చక్రాన్ని చేత్తో తిప్పాలి, ఇంజన్ ఆన్ చేసి గేరులో పెట్టి గుడ్డతో తుడిచేవాళ్ల వేళ్లు పోయాయి, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. చైన్ ఎంత వదులుగా ఉండాలో స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి లాంటి భాగం) మీద స్టిక్కర్లో ఉంటుంది, చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోటుకి సరిపెట్టు. కొద్దిగా లూజు పర్లేదు, టైటు మాత్రం వద్దు, బరువెక్కి స్వింగార్మ్ పైకి లేచినప్పుడు అది ఇంకా బిగుసుకుని గేర్‌బాక్సు బేరింగ్‌ని లాగేస్తుంది.

టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. నడిపాక వేడికి పెరుగుద్ది, అది చూసి గాలి తియ్యకు. ఇద్దరికీ లగేజీకీ వేరే లెక్క ఉంటుంది, మాన్యువల్ చూడు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని, కొత్తదని అమ్మే టైరుకి కూడా అది చూసి కొను. హైవేలే తిరిగితే టైరు మధ్యలో అరిగి చదునైపోద్ది, మలుపులో బండి వంగనని మొరాయిస్తుంటే సస్పెన్షన్ కన్నా ముందు అది చూడు. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చు, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి ఉడికి లివర్ మెత్తబడిపోద్ది. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో (మోటార్‌సైకిల్ ఆయిళ్ల ప్రమాణం) ఉన్నదే పొయ్యి, కార్లది పోస్తే క్లచ్ జారొచ్చు.

సర్వీసు ప్రయాణం ముందు రోజు చేయించకు. వారం ముందు చేయించి ఒక రెండొందల కిలోమీటర్లు తిరుగు, మెకానిక్ ఏ బోల్టు సగం బిగించాడో, ఎక్కడ ఆయిల్ కారుతోందో ఇంటి దగ్గరే బయటపడుద్ది. నువ్వు తగిలించిన ప్రతి గార్డు, ప్రతి స్టే (పెట్టెల్ని మోసే ఊచ) బోల్టు మీద తెల్ల పెయింటుతో చిన్న గీత పెట్టు, గీత విరిగితే బోల్టు తిరిగిందని చూపుకే తెలుస్తుంది.

బయల్దేరే ముందు ఒక ఆదివారం బండితో వచ్చిన టూల్ కిట్టే తీసుకుని, ఇంకేదీ ముట్టకుండా, వెనక యాక్సిల్ నట్టు విప్పి బిగించి చూడు. చాలా కిట్లలో ఆ పానా పొట్టిగా ఉంటుంది, నట్టు కదలదు, కదలకపోతే దానికి పొడుగు పైపు ఒకటీ, టైరుకి పంచర్ ప్లగ్ కిట్టూ, చిన్న గాలి పంపూ కొను. నీ లిస్టులో ఇవి మూడూ లేవు, ముందు ఇవే రాయి. బిగించాక టార్క్ రెంచ్‌తో సరిచూడు, అది కావాలంటే నా దగ్గరుంది, వచ్చి పట్టుకెళ్లు.

మీ మావయ్య